నోటితోని చెప్పని లెక్క

మా ఆయనను గొర్లెన్ని ఉన్నయని అడిగి సక్కని జవాబు తెచ్చుకున్నోడు ఈ భూమ్మీద లేడు. పెండ్లయి ముప్పై ఆరేండ్లాయె, నాకే చెప్పలే. "ఉన్నయి తియ్యి" అంటడు. మరీ గుచ్చి గుచ్చి అడిగితే "ఏవో ముప్పై నలభై" అంటడు. దొడ్డి నిండి గొర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నా గదే మాట. మంద లెక్క నోట్లకెళ్లి బయటికొస్తే దిష్టి తగుల్తదని గొర్లోళ్లందరికీ ఉన్న పట్టింపే, గని మా ఆయనకు జర ఎక్కువ.

ఒకపారి పశువుల డాక్టర్ నట్టల మందు తాపనీకి ఊర్లెకు వచ్చిండు. ఎన్నని అడిగితే మా ఆయన "నలభై" అన్నడు. ఆ పిలగాడు పట్నంల సదువుకొని వచ్చినోడు, పాపం, నమ్మిండు. నలభైకి మందు కలిపిండు. తాపుతాంటే తాపుతాంటే మందు ఒడిసింది గని గొర్లు ఒడుస్తలేవు. ఇదేం నలభై తాతా అని డాక్టర్ తలకాయ పట్టుకుంటే, "మా దిక్కు నలభై గింతనే ఉంటది సార్" అన్నడు మా ఆయన, మొకంల ఒక్క కండ కదలకుంట.

నేనేమో అంగన్‌వాడి టీచర్‌ను. పొద్దున లేస్తే నా బతుకే లెక్కలు. పిల్లల బరువెంత, పొడుగెంత, గుడ్లు ఎన్నొచ్చినయి, ఎన్ని పగిలినయి, అన్నీ రిజిస్టర్ల ఎక్కాలె. ఇంటికొస్తే లెక్క చెప్పని మొగడు. మా ఇద్దరిని ఎవరు జోడి కట్టిండ్రో గని వాళ్లకు నవ్వులాట ఎక్కువని అనుకుంట. ఇప్పుడు ఇది రాస్తున్ననని తెలిస్తే కూడ "రాసుకో, గని గొర్ల లెక్క మాత్రం రాయకు" అంటడు. నాకు తెలిస్తే కదా రాసేది!

జిల్లాలు ముక్కలైనంక మా కాయితాల మీద ఊరి జిల్లా పేరు మారింది గని, మేము ఇప్పటికీ పాలమూరోళ్లమే అని చెప్పుకుంటం. మా ఊరు కొల్లాపూర్‌కు మీది దిక్కు, రాళ్ల నేల. ఎండకాలం వస్తే పురుగుకు కూడ మేత దొర్కదు. గదే టైమ్‌కు కృష్ణల నీళ్లు వెనక్కి పోతయి, మునిగిన భూమి బయటపడి పచ్చగడ్డి మొలుస్తది. మా దిక్కు మందలన్నీ అప్పుడు ఏటి ఒడ్డుకు నడుస్తయి. రెండు దినాల నడక. మా ఆయన మీసాలు రాని నాటి సంది ఒక్క ఏడు కూడ తప్పలే. పెండ్లి కూడ ఆడికి పోయొచ్చినంకనే పెట్టుకున్నరు.

గసుంటి మనిషికి పెద్దపేగుల గడ్డ అన్నరు. మేము దవాఖానకు పోయేసరికే అది కాలేయానికి పాకింది. పట్నంల పెద్ద దవాఖాన, అండ్ల ఒక డాక్టరమ్మ, మా బిడ్డ ఈడుదే ఉంటది. దాచకుంట చెప్పింది. "పెద్దాయనా, ఇది మొత్తానికే పోయే బీమారి కాదు. మందులతోటి అదుపుల పెట్టుకుంట పోదాం. ఎన్ని రోజులు అంటే నేను చెప్పలేను" అన్నది.  బస్సుల కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తాంటే, మా ఆయన కిటికీలకెళ్లి బయటికి చూస్కుంట, "మంచి డాక్టరే. సూసినవా, లెక్క చెప్పలే" అన్నడు. ఏడుపుల నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు ఇంకింత కోపమొచ్చింది. 

ఇంటికొచ్చి ఒక్కటే అనుకున్న. ఏది ఏమైనా మందు తప్పొద్దు. మూడు వారాలకొకసారి పట్నం పోయి సగం దినం సీసా ఎక్కించుకునుడు, ఇంటికొచ్చినంక పద్నాలుగు దినాలు పొద్దూ మాపూ గోలీలు, ఏడు దినాలు ఖాళీ, మళ్ల మొదలు. గోలీ గోలీకి నేను కాపలా. మింగిండా లేదా అని నోరు తెరిపించి నాలుక కింద కూడ చూసేదాన్ని, మా సెంటర్ల పిల్లలకు పురుగుల గోలీ ఇచ్చినప్పుడు చూసినట్టే. "నేను మూడేండ్ల పిలగాన్ననుకున్నవా?" అని గుర్రుమనేటోడు. "వాళ్లే నయం, చెప్తే ఇంటరు" అనేదాన్ని.

ఆ మందు చేసిన ఆగం చెప్తే ఒడువది. మొదటి సీసా ఎక్కించుకొని వచ్చిన మర్నాడు పొద్దున మా ఆయన మొకం కడుక్కుందామని బకెట్ల చెయ్యి పెట్టి, "సచ్చిన్రో!" అని ఒక్క ఎగురు ఎగిరిండు. "ఇంట్ల కరెంట్ లీకయితాంది, నీళ్లల్లకు వచ్చింది, ఎవరూ ముట్టకుండ్రి!" అని మెయిన్ తీసేసిండు. నేను చెయ్యి పెట్టి చూస్తే నాకేం కొడ్తలే. "నీకు బరువెక్కువ, తెలుస్తలేదు" అన్నడు. లైన్‌మన్‌ను పిలిపిచ్చిండు. ఆయనొచ్చి టెస్టర్ పెట్టి బకెట్, నల్లా, దర్వాజ, ఆఖరుకు బర్రె గొలుసు కూడ చూసిండు. యాడ లేదు. మా ఆయన స్టీల్ గ్లాసు పట్టుకున్నడు, మళ్ల కొట్టింది. "నువ్వే చూడు, గ్లాసుల కూడ ఉంది!" అంటే లైన్‌మన్ నా దిక్కు చూసి మెల్లగ, "అక్కా, బావకు ఏమన్న గాలి గిట్ల తగిలిందా?" అన్నడు. పట్నంకు ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది. ఆ మందు పడ్డోళ్లకు సల్లటిది ముట్టితే కొన్ని దినాలు గట్లనే జుమ్మంటదట. వాళ్లు ముందే చెప్పిండ్రు, మేమే ఏడుపుల ఇనలే. అప్పటి సంది ఎండకాలమైనా సరే వేడి నీళ్లే. కుండల నీళ్లు తాగనీకి లేకపోయె, మా ఆయనకు గదే పెద్ద బాధ.

తర్వాత నోరు పోయింది. ఏం తిన్నా ఇనుము నాకినట్టున్నదంటడు. జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు, ఏం చేసి పెట్టినా "మంచిగనే ఉంది" అని పక్కకు జరుపుతడు. ముప్పై ఆరేండ్లు నా వంటకు వంక పెట్టని పూట లేదు. ఉప్పెక్కువ, కారం తక్కువ, రొట్టె మందం. అప్పుడు వంక పెడితే ఒళ్లు మండేది. ఇప్పుడు పెట్టకుంటే కడుపు మండింది.

గోలీలకు అరచేతులు, అరికాళ్లు ఎర్రగయి తోలు ఊడుడు మొదలైంది. బియ్యం తెద్దామని రేషన్ షాపుకు పోయిండు. మిషిన్ మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు. చూపుడు వేలు పెడితే ఎర్రలైటు. పది వేళ్లూ పెట్టిండు. వేలి గీతలన్నీ అరిగిపోయినయి మరి. డీలర్ నవ్వి, "పెద్దాయనా, నువ్వు నువ్వు కాదంటాంది మిషిన్" అన్నడట. "నేను నేను గాకుంటే గీ సూదులన్నీ ఎవనికేస్తున్నరు? వాన్ని పిలువుండ్రి, నేను ఇంటికి పోత" అన్నడట మా ఆయన. ఊరంతా వారం దినాలు గదే ముచ్చట. చివరికి నా వేలు పెట్టి తెచ్చుకున్నం.

ఇవన్నీ నవ్వుకునేటివి. నవ్వుకోలేనిది ఒకటుంది. కడుపు ఆగకపోవుడు.

పొద్దుగాల నేను సెంటర్‌కు పోయేసరికి రెండుసార్లు చెంబు పట్టుకొని పోయొచ్చేటోడు. నేను మాపటికి వచ్చేసరికి మంచంల పడి ఉండేటోడు, కండ్లు లోపటికి పోయి. ఎన్నిసార్లయిందంటే "ఏం లేదు తియ్యి" అనేటోడు. నేను కూడ మరీ గట్టిగ అడగలే. ఎందుకు అడగలేదో ఇప్పుడు చెప్త, సిగ్గయినా సరే. మా ఊర్ల ఒకామె చెప్పింది నాకు, "బాగలేదని చెప్పకు, డాక్టర్లు మందు బంద్ పెడ్తరు, మందు బంద్ పెట్టిండ్రంటే ఇగ ఆశ లేదన్నట్టే" అని. అది నా చెవులల్ల గట్టిగ కూసున్నది. దవాఖానల మా నంబర్ పిలిచినంక లోపటికి పోంగనే, డాక్టరమ్మ ఆయన దిక్కు చూసి "ఎట్లున్నరు పెద్దాయనా?" అంటది. ఆయన నోరు తెరిచేలోపట నేను "మంచిగున్నడు మేడం" అంట. ఎన్నడు పోయినా గదే. ఇంటి మొగోని ఒంటి సంగతి పదిమందిల పెట్టొద్దని మా అవ్వ నేర్పిన బుద్ధి ఒకటి, మందు బంద్ అయితదన్న భయం ఒకటి.

"విరేచనాలు ఎన్నిసార్లు అయితున్నయి?" అని డాక్టరమ్మ అడిగితే మాత్రం ఆయనే చెప్పేటోడు. "ఏవో రెండు మూడు."

నలభై గొర్ల మొగడు కదా! ఆమె కూడ పశువుల డాక్టర్ లెక్కనే నమ్మి, కంప్యూటర్ల రెండు మూడు అని కొట్టుకొని, గదే మందు, గంతే మోతాదు రాసి పంపేది. మేమిద్దరం బుద్ధిమంతుల్లెక్క తలకాయలూపి వచ్చేటోళ్లం.

ఎండలు ముదిరినయి. ఊర్లె మందలు ఒక్కొక్కటి కృష్ణ దిక్కు కదులుతున్నయి. మా మరిది, అంటే ఆయన తమ్ముడు, ఈసారి మంద తానే తోల్కపోత అన్నడు. మా ఆయన "నేను గూడ వస్త" అన్నడు. "మందులు ఒడిసినంక పోదువు తియ్యి" అన్న నేను. "మందులు ఎప్పుడు ఒడుస్తయే?" అని అడిగిండు. మామూలుగనే అడిగిండు, ఎటకారం లేదు.  ఈ మందులు ఒడిసేటివి కావని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకు ఇంకొక్కసారి ఏటి ఒడ్డుకు నడవాలె. నాకు ఆయన ఉండాలె. గింతే మా కొట్లాట. ఎవలూ ఎనక్కి తగ్గలే.

తెల్లారి పొద్దున దొడ్లె గొర్లను బయటికి ఇడుస్తాంటే మా ఆయన గుంజ పట్టుకొని కింద కూలబడ్డడు. మా మరిది ఎత్తుకొని ఆటోల ఏసిండు. దగ్గరి దవాఖానల రెండు దినాలు గ్లూకోజ్ ఎక్కించిండ్రు. ఒంట్ల నీళ్లు లేవన్నరు. మంచం మీద మా ఆయన పిట్టంతయి కనబడ్డడు. నాకప్పుడు మొదటిసారి అనుమానమొచ్చింది, ఈ మనిషిని బీమారి తింటాందా, నా నోరు తింటాందా అని.

అటెన్క నాలుగు దినాలకు పట్నం పోయినం. డాక్టరమ్మ కాయితాలన్నీ చూసి, కుర్చీ ఆయన దిక్కు జరుపుకొని, "పెద్దాయనా, పడిపోకముందు ఎన్నిసార్లు అయినయి రోజుకు?" అన్నది.

"ఏవో రెండు మూడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అబద్ధం మేడం! పచ్చి అబద్ధం! ఈయన పశువుల డాక్టర్‌కు కూడ గిట్లనే చెప్పిండు! ఈ మనిషి నోట్లకెళ్లి లెక్క రాదు, చచ్చినా రాదు!" అని లేచి నిలబడి ఒర్రిన. బయట నిలవడ్డోళ్లు తలుపు సందులకెళ్లి చూస్తున్నరు.

"మరి ఎన్నిసార్లమ్మా? నువ్వు చెప్పు" అన్నది డాక్టరమ్మ.

 ఊర్లె ఏ పిలగాడు ఎన్ని కిలోలున్నడో నిద్రల లేపి అడిగినా చెప్త. మొగడు దినానికి ఎన్నిసార్లు బయటికి పోతున్నడో నాకు లెక్క లేదు.

అప్పుడు మా ఆయన భుజం మీది తువ్వాల తీసిండు. కొంగుకు మూడు ముడులున్నయి. చేతుల తోలు ఊడి ఉంది కదా, పండ్లతోని ఒక ముడి ఇప్పి టేబుల్ మీద కుమ్మరిచ్చిండు. గులకరాళ్లు. చిన్నచిన్నయి, పెసరగింజల కంటే జర పెద్దగ. "ఇది పడిపోయిన ముందటి దినం" అన్నడు. రెండో ముడి ఇప్పిండు. "ఇది అటు ముందటిది." మూడోది ఇప్పి పక్కకు పోసిండు. "నోటితోని చెప్ప బిడ్డా. నువ్వే ఎంచుకో."

మా గొర్లోళ్ల పద్ధతే అది. మాపటికి దొడ్డి తడిక తీసి గొర్లను ఒక్కొక్కటి లోపటికి ఇడుస్తాంటే, ఒక్కో గొర్రెకు ఒక్కో రాయి సంచిల ఏస్తరు. నోటితోని ఒకటి రెండు అనరు. లెక్క తప్పదు, దిష్టి తగలదు. మా ఆయన లెక్క చెప్పడు గని లెక్క తప్పడు. డాక్టరమ్మ వేలితోని ఒక్కొక్కటి జరుపుకుంట ఎంచింది. తొమ్మిది. పదకొండు. ఎనిమిది. ఆమె మొకం తెల్లబోయింది.

"ఇన్ని దినాలు లెక్క పెట్టుకుంట, నాకు ఎందుకు చూపెట్టలే?"

"నువ్వు నోటితోని అడిగినవు. రాళ్లు అడగలే" అన్నడు. నా దిక్కు చూసిండు. "గదీ గాక, ఆమె మంచిగున్నడు అని చెప్తుండె. పదిమందిల పెండ్లాం మాట కొట్టేస్తే ఆమె ఇజ్జత్ ఏం గావాలె?"

నేను దొంగకు తేలు కుట్టినట్టు కూసున్న. తర్వాత ఏడ్సిన. ఏడ్చుకుంటనే చెప్పిన, మందు బంద్ పెడ్తరని భయపడ్డ మేడం, నేనే చెప్పనియ్యలే అని. ఆమె తిడ్తదనుకున్న. తిట్టలే. నీళ్ల సీసా నా దిక్కు జరిపింది.

"అమ్మా, మీరు చెప్పిందే నేను రాస్త. మంచిగున్నడంటే గంత మందే ఇస్త. బాగలేదంటే మందు ఆపుడొక్కటే కాదు, తగ్గియ్యొచ్చు, మార్చొచ్చు, కొన్ని రోజులు ఖాళీ ఇయ్యొచ్చు. ఆయన తట్టుకునేంతే ఇయ్యాలె. ఈ మందు ఎందుకిస్తున్న? ఆయన మంచిగ బతకాలని. బతుకంతా చెంబు పట్టుకొని తిరగాలని కాదు కదా."

అని, ఆయన దిక్కు తిరిగి ఒక మాట అడిగింది. ఆరు నెలల సంది ఎవ్వరూ అడగని మాట. "పెద్దాయనా, మీకేం చెయ్యాలని ఉంది?"

"మంద తీస్కొని కృష్ణ ఒడ్డుకు పోవాలె."

"పిచ్చా ఏమన్నానా!" అని నేను మళ్ల లేవబోతే, డాక్టరమ్మ నా చెయ్యి మీద చెయ్యి పెట్టి కూసోబెట్టింది. మొన్న తీసిన స్కానింగ్ ఫోటోలల్ల గడ్డలు జర తగ్గినయట, కొన్ని దినాలు ఆపినా భయం లేదన్నది. పది దినాలు తేరుకోండ్రి, రక్తపరీక్ష చేపియ్యండ్రి, బాగుంటే పొండ్రి, ఒక నెల మందు ఖాళీ అన్నది. కరెంట్ కొట్టే సీసా ఇగ వద్దన్నది. తిరిగొచ్చినంక గోలీలు తక్కువ మోతాదుల మొదలుపెడదాం అన్నది. విరేచనాలకు గోలీలు, కాళ్లకు మలాం, నీళ్లల్ల కలుపుకునే పొడి రాసిచ్చింది. జ్వరమొస్తే మాత్రం గంట ఆగొద్దు, దగ్గరి దవాఖానకు పొమ్మని నాకు రెండుసార్లు చెప్పింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటరు కదా, మా ఆయన మొకం గట్ల వెలిగిపోయింది. నా మొకం మాడిపోయింది. రాళ్లు మళ్ల తువ్వాలల కట్టుకొని లేచిండు. "మంచి రాళ్లు, పారేస్తమా" అన్నడు.

 ఇంటికొచ్చినంక చెప్పిన. "పో. గని నేను గూడ వస్త."

"నువ్వా? గొర్ల ఎంబడా?" అని మా ఆయన నోరు తెరిచిండు. సెంటర్‌కు ఎండకాలం సెలవులుండె. ముప్పై ఆరేండ్లల నేను ఒక్కపారి కూడ మంద ఎంబడి పోలే. పిల్లలు, బడి, ముసలి అత్త, ఏదో ఒకటి ఉండేది. ఏటా ఆయన పోయేటోడు, నల్లగయి వచ్చేటోడు. యాడికి పోతున్నడో, ఆడ ఏం చేస్తడో నేను అడగలే కూడ.

పది దినాలైనంక, రక్తపరీక్ష మంచిగొస్తే, తెల్లారంగ కదిలినం. ముందు మరిది, ఎనక మంద, మంద ఎనక మేము. మా ఆయన కాళ్లకు మలాం రాసి, రెండు జతల సాక్సులు తొడిగి, రబ్బరు చెప్పులేసిన. "గొర్లు నన్ను గుర్తుపడ్తయా ఈ వేషంల?" అన్నడు. మొదటి దినం రెండు మైళ్లు నడిచిండు. తర్వాత ఆయాసమొచ్చింది. సామాన్లు తెచ్చే ట్రాలీ ఆటోల, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలతోని కలిపి కూసోబెట్టినం. ఒడిల ఒకటి, భుజం మీద ఒకటి. ఎదురొచ్చిన మందలోళ్లు "ఏందే మామా, పెండ్లి ఊరేగింపా?" అని ఒకటే నవ్వుడు. "పెండ్లికొడుకు జర పాతోడు, గంతే" అని ఆయన. రెండో దినం మళ్ల జర నడిచిండు, మళ్ల ఆటో ఎక్కిండు. నడుస్తననీ మొండికేయలే, నడవననీ ఏడ్వలే. నేను పక్కన గోలీల సంచి పట్టుకొని, అడుగుకొకసారి "కడుపు ఎట్లుంది?" అని అడుగుతాంటే, "ఓ రాయి కూడ లేదు" అనేటోడు.

ఒడ్డుకు చేరినంక చూసిన. అబ్బ! నీళ్లు యాడనో దూరం పోయినయి. ఇటంతా గడ్డి, కనుచూపు మేర. గొర్లు తలకాయ లేపుతలేవు. గాలి సల్లగ కొడ్తాంది. మా ఆయన చెప్పులు, సాక్సులు ఇడిసి బురద మట్టిల కాళ్లు పెట్టి కండ్లు మూసుకున్నడు. నేను గుండె పట్టుకొని "కరెంట్ కొడ్తాందా?" అంటే "లేదే. మట్టే" అన్నడు.

నేను కూడ మంద కాద్దామని కట్టె పట్టుకున్న. గొర్లు ఇంటయా! "ఏయ్, ఇటు రా! లైన్ల నిలవడు! తోసుకోకుండ్రి!" అని ఒర్రుతాంటే మా ఆయన, మరిది పొట్టలు పట్టుకొని నవ్విండ్రు. "ఇంకో నెలుంటే ప్రార్థన గూడ నేర్పుతది గొర్లకు" అన్నడు మా ఆయన. గంతల ఒక పొట్టేలు ఎనకనుంచి వచ్చి నన్ను ఒక్క గుద్దు గుద్దింది. గడ్డిల బోర్ల పడ్డ. లేపుతడేమోనని చూస్తే, ఆయన నవ్వలేక నవ్వలేక దగ్గుకుంట కింద కూసున్నడు. "లేపయ్యా!" అంటే "నా తోని గాదు, బీమారోన్ని" అన్నడు. అవసరమున్నప్పుడు బీమారి గుర్తొస్తది దొంగకు!

రెండు వారాలకు జర కండ పట్టిండు. ఒకనాడు పగటిపూట చేపలోళ్లు చేపలిస్తే పులుసు పెట్టిన. రొట్టె తుంచి, పులుసుల ముంచి, నోట్ల పెట్టుకొని మొకం చిట్లిచ్చిండు. "ఏందే ఇది, ఉప్పు డబ్బ బోర్లిచ్చినవా? నాలుక కోసుకపోయింది."

నేను చేతుల గంటె గట్లనే పట్టుకొని నిలబడ్డ. "మళ్లోసారి చెప్పు" అన్న.

"ఉప్పెక్కువైందే! చెవుడా?"

ఆరు నెలలైంది ఆ మాట ఇనక. గంటె కింద పడేసి ఏడ్సిన. మా మరిది పరేషానయి "వదినె, ఉప్పుకేనా గింత లొల్లి? నాకైతే మంచిగనే ఉంది" అంటాండు. ఆయనకేం తెలుసు పాపం. మా ఆయనకు తెలిసింది. ఇంకో రొట్టె అడిగిండు.

అటెన్క దినాలు నీళ్ల లెక్క పోయినయి. పొద్దంత గొర్ల ఎంబడి కూసుంటం, ముచ్చట్లు పెట్టుకుంటం. ఏ గొర్రె మంకుది, ఏది దాని తల్లికి తల్లి, ఏ ఏడు వరదల ఏవేవి పోయినయి, అన్నీ చెప్తడు. పెండ్లైన కొత్తల నేను కుట్టిచ్చిన అంగి ఈ ఒడ్డు మీదనే పోయిందట, ముప్పై ఏండ్ల తర్వాత ఒప్పుకున్నడు. నేను దవాఖాన ముచ్చట తియ్యలే, ఆయనా తియ్యలే. ఆరు నెలల సంది నేను ఈ మనిషికి పెండ్లాన్ని కాదు, పోలీసును. ఎంత మింగిండు, ఎంత తిన్నడు, ఎంత జ్వరముంది, గదే చూసిన. మనిషిని చూడలే. ఒకనాడు పక్కన గడ్డిల పండుకొని మబ్బులు చూస్తాంటే, ఈయన ఇంత మంచిగ మాట్లాడ్తడని నాకు ఇన్నేండ్లు ఎవరూ చెప్పలేదే అనిపిచ్చింది.

నెల అయిపోవస్తాంది. మా ఆయనే యాదిచేసిండు. "ఎల్లుండి పట్నం పోవాలె కదా. డాక్టరమ్మకు మాటిచ్చినం." చెప్పులు కడిగి ఎండకు పెట్టిండు, సంచిల బట్టలు పెట్టుకున్నడు, తమ్మునికి ఏ గొర్రెకు ఏం చూడాల్నో చెప్తాండు. మొకంల బాధ లేదు. ఆయనకు కావల్సింది దొరికింది.

ఒడ్డు మీద ఫోన్ అందదు. నేను గుట్ట ఎక్కిన, ఎండల, రాళ్లల్ల జారుకుంట. పైన బండ మీద నిలబడితే రెండు గీతలొచ్చినయి. కింద మంద కనబడ్తాంది, మంద పక్కన తువ్వాల నెత్తికి చుట్టుకొని మా ఆయన.

"ఏమైందమ్మా? జ్వరమొచ్చిందా?" అన్నది డాక్టరమ్మ, గాబరాగ.

"లేదు మేడం, మంచిగున్నడు. నిజంగనే మంచిగున్నడు, ఒట్టు. తింటాండు, నడుస్తాండు. ఇంకో వారం ఇస్తవా మేడం? ఒక్క వారం."

ఆమె తిన్నదీ, నడిచిందీ, జ్వరం సంగతీ అన్నీ అడిగింది. అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పిన. "సరే, వారమైతే ఏం కాదు. రక్తపరీక్ష మాత్రం కొల్లాపూర్‌ల చేపిచ్చి పంపియ్యి" అన్నది. నవ్వుకుంట, "పెద్దాయన అడగమని పంపిండా?" అన్నది.

"లేదు మేడం. ఆయన సంచి సదురుకొని కూసున్నడు. నాకే కావాలె."